ఉపమానం, ప్రమాణం, బాధ్యత: జీవకణంలో క్వాంటం ప్రభావాలపై ఒక నైతిక విచారణ

ఉపోద్ఘాతం

జీవకణంలో జరిగే కొన్ని క్రియలను వివరించడానికి సంప్రదాయ భౌతికశాస్త్రం చాలదనీ, వాటికి క్వాంటం సిద్ధాంతం అవసరమనీ శాస్త్రజ్ఞులు కొంతకాలంగా చెబుతున్నారు. ఇందులో నిజమెంత, ఊహ ఎంత అన్నది తేల్చవలసింది ప్రయోగశాల. అయితే ఆ మాట ప్రయోగశాల గడప దాటి సామాన్య చర్చలోకి వచ్చేసరికి రెండు పెద్ద నిర్ణయాలను వెంటబెట్టుకొని వస్తున్నది. కణంలో అనిశ్చితి ఉన్నది కనుక మనిషికి స్వేచ్ఛాసంకల్పం ఉన్నదనేది మొదటిది. సర్వజీవులలోనూ ఒకే క్వాంటం లీల ఉన్నది కనుక సర్వమూ ఒకే చైతన్యమనీ, జీవులు గౌరవార్హం కావడానికి అదే కారణమనీ చెప్పేది రెండవది. ఈ రెండు నిర్ణయాలూ నైతిక స్వభావం కలవి. కాబట్టి వాటిని పరీక్షించే బాధ్యత భౌతికశాస్త్రజ్ఞులతో పాటు భాషను, తర్కాన్ని, సాహిత్యాన్ని అధ్యయనం చేసేవారిపై కూడా ఉన్నది.

ఈ విచారణకు కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ తీరం ఒక నిర్దిష్టమైన సందర్భాన్ని అందిస్తుంది. ఏటా శీతకాలం నుండి వేసవి ఆరంభం వరకు ఆలివ్ రిడ్లే జాతి సముద్ర తాబేళ్లు ఈ తీరానికీ, దక్షిణాన గోదావరి ముఖద్వారం వద్ద ఉన్న హోప్ ఐలాండ్ పరిసరాలకూ గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇదే కాలంలో తీరానికి కొట్టుకువచ్చే తాబేళ్ల కళేబరాలు కూడా ఇక్కడివారికి కొత్త కాదు. సముద్ర తాబేలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని గుర్తించి దారి తెలుసుకుంటుందని ప్రయోగాలు నిరూపించాయి. ఆ గుర్తింపునకు మూలం కణంలోని క్వాంటం క్రియ కావచ్చునన్నది ఒక పరికల్పన. అది రుజువైతే తాబేలు పట్ల మన ధర్మం మారుతుందా? ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న ఇదే. క్వాంటం జీవశాస్త్రం జీవికి కొత్త గౌరవాన్ని ప్రసాదించదనీ, మనిషికి కొత్త స్వేచ్ఛను సంపాదించిపెట్టదనీ, అది మన ముందుంచేది మనం తెలియక చేయగల హానికి సంబంధించిన కొత్త ఎరుక మాత్రమేననీ ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

తెలిసినది, తెలియవలసినది

‘క్వాంటం ప్రభావం’ అనే మాటకు ముందుగా ఒక హద్దు గీయాలి. అణువుల మధ్య బంధాలన్నీ క్వాంటం నియమాలను అనుసరించేవే. ఆ అర్థంలో రాయి కూడా క్వాంటం వస్తువే. 1943లో డబ్లిన్‌లో చేసిన ఉపన్యాసాలలో ఎర్విన్ ష్రోడింగర్ వంశపారంపర్య లక్షణాలు తరతరాలుగా చెడకుండా నిలవడానికి కారణాన్ని క్వాంటం సిద్ధాంతంలోనే వెదికాడు. 1944లో గ్రంథంగా వచ్చిన ఆ ఉపన్యాసాలు తరువాతి జీవశాస్త్రానికి ప్రేరణ అయ్యాయి. నేటి చర్చ ఇంతకంటే విశిష్టమైనది. కణం వంటి వెచ్చని, తడి, సందడి నిండిన చోట సున్నితమైన క్వాంటం స్థితులు నిలుస్తాయా? నిలిచి జీవికి ఉపయోగపడతాయా? ఇవి నేటి ప్రశ్నలు. వీటికి లభించిన సమాధానాలు మూడు స్థాయిలలో ఉన్నాయి.

మొదటి స్థాయి ప్రబలమైన ప్రయోగాధారం ఉన్నది. ఎంజైములలో హైడ్రోజన్ బదిలీ ఇందుకు ఉదాహరణ. ఒక అడ్డంకిని దాటడానికి చాలినంత శక్తి లేకపోయినా పరమాణువు ఆవలివైపు కనిపించడాన్ని టన్నెలింగ్ అంటారు. 1989లో జుడిత్ క్లిన్మన్ బృందం ఈస్ట్‌లోని ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైముపై ప్రయోగాలు చేసి, ఈ క్రియ సాధారణ ఉష్ణోగ్రతలోనే జరుగుతున్నదని చూపింది. హైడ్రోజన్ స్థానంలో దానికి రెట్టింపు బరువున్న డ్యుటీరియాన్నీ, మూడింతల బరువున్న ట్రిటియాన్నీ నిలిపి చర్యావేగాలు ఎలా మారుతున్నాయో కొలవడం వారి పద్ధతి. తాటికల్లు పులియడంలోనూ ఈస్ట్‌లోని ఈ రకపు ఎంజైముకే పాత్ర ఉన్నది. అంటే ఈ క్రియ గోదావరి తీరంలోని ప్రతి కల్లుకుండలోనూ నిత్యం సాగుతున్నదే.

రెండవ స్థాయి బలమైన పరికల్పన. పక్షుల అయస్కాంత జ్ఞానం ఈ కోవలోనిది. కాంతి సోకినప్పుడు కొన్ని అణువులలో ఏర్పడే జంట ఎలక్ట్రాన్ల స్పిన్ స్థితి భూ అయస్కాంత క్షేత్రానికి స్పందించి దిక్సూచిగా పనిచేయవచ్చునని 1978లో క్లౌస్ షుల్టెన్, ఆయన సహచరులు సూచించారు. 2000 సంవత్సరంలో ఈ అణువు పక్షి కంటిలోని క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీను కావచ్చునన్న ప్రతిపాదన వచ్చింది. వలసపక్షి యూరోపియన్ రాబిన్‌కు చెందిన ఒక క్రిప్టోక్రోమ్ అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుందని 2021లో పరీక్షనాళికలో తేలింది. సజీవమైన పక్షి కంటిలోనూ ఇదే జరుగుతున్నదని చూపే చివరి మెట్టు మిగిలే ఉన్నది.

మూడవ స్థాయి తొందరపడి చెప్పి, తరువాత సవరించుకోవలసి వచ్చినది. కిరణజన్య సంయోగక్రియలో కాంతిశక్తి క్వాంటం తరంగంలా ఒకేసారి అనేక మార్గాలను వెదుకుతుందని 2007లో వెలువడిన ఒక ప్రయోగఫలితం ప్రపంచాన్ని ఆకర్షించింది. ఆ కొలతలు జరిగింది సుమారు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద. సాధారణ ఉష్ణోగ్రతలో ఆ స్థితి ప్రయోజనం చేకూర్చేంతసేపు నిలవదనీ, నాడు కనిపించిన స్పందనలు ప్రధానంగా అణువుల కంపనాలవల్ల కలిగినవేననీ 2017, 2020 సంవత్సరాలలో వచ్చిన పరిశీలనలు నిర్ణయించాయి. మెదడులోని సూక్ష్మనాళికలలో క్వాంటం క్రియలే చైతన్యానికి మూలమన్న రోజర్ పెన్రోజ్, స్టూవర్ట్ హామెరాఫ్‌ల వాదం ఇంతకంటే బలహీనమైన నేలపై నిలిచి ఉన్నది. అలాంటి స్థితి సెకనులో పది లక్షల కోట్లవ వంతు కంటే తక్కువ కాలంలోనే చెదిరిపోతుందని 2000లో మాక్స్ టెగ్మార్క్ లెక్కగట్టాడు. ఆ లెక్కపై వాదవివాదాలు సాగినా, ఆ సిద్ధాంతానికి సర్వసమ్మతి లభించలేదు.

ఈ మూడు స్థాయిలనూ కలిపి ‘జీవం క్వాంటం మయం’ అని ఒక్క వాక్యంలో చెబితే, మొదటిదానికి ఉన్న విశ్వసనీయత మూడవదానికి అరువుగా సంక్రమిస్తుంది. ఆ వాక్యంలోని ఏ ఒక్క పదమూ అబద్ధం కాకపోవచ్చు. అయినా వినేవాడు మోసపోతాడు. నైతిక దోషం ఇక్కడే మొదలవుతున్నది.

పదాల బాధ్యత

ఈ కలగాపులగానికి తెలుగులో అదనపు అవకాశం ఉన్నది. భౌతికశాస్త్రంలోని అతి సూక్ష్మ పదార్థాంశమూ ‘కణమే’, జీవశాస్త్రంలోని జీవపు మూలాంగమూ ‘కణమే’. ఒక జీవకణంలో కోట్లకోట్ల పరమాణువులు ఉంటాయి. అయినా ‘కణస్థాయిలో అనిశ్చితి’ అన్నప్పుడు ఏ కణమో చెప్పకపోతే, ఎలక్ట్రాన్‌కు వర్తించే ధర్మం నాడీకణానికి ఎలాంటి ఆధారమూ లేకుండానే సంక్రమిస్తుంది. తర్కం దూకలేని అగాధాన్ని శ్లేష దూకిస్తున్నది.

‘శక్తి’, ‘క్షేత్రం’, ‘చైతన్యం’ అనే మాటల సంగతీ ఇంతే. భౌతికశాస్త్రంలో శక్తి కొలవదగిన రాశి. మన సంస్కృతిలో అది దేవత. అయస్కాంత క్షేత్రం స్థలంలోని ప్రతి బిందువుకూ ఒక విలువనూ దిశనూ ఇచ్చే భావన. పుణ్యక్షేత్రం మరొకటి. ‘పరమాణువు’ అన్న పదం వైశేషిక దర్శనం నుండి వచ్చింది. కణాదుని సంప్రదాయంలో పరమాణువు నిత్యం, అవిభాజ్యం. నేటి పరమాణువు ఈ రెండూ కాదు. పదం వారసత్వంగా వచ్చినంత మాత్రాన భావం కూడా వచ్చిందని చెప్పలేము. ఈ పదాలను వదులుకోవాలని ఇక్కడ సూచించడం లేదు. భాషకు శ్లేష సంపద. కావ్యంలో అది అలంకారం, శాస్త్రార్థంలో మాత్రం అది సంశయహేతువు. ఏ వాక్యంలో ఏ అర్థం ఉద్దిష్టమో చెప్పడం శాస్త్రరచన చేసేవారి కనీస ధర్మం. ఆ ధర్మాన్ని గుర్తుచేయగల శిక్షణ తెలుగు శాఖలకే ఎక్కువగా ఉన్నది.

ఉపమానం ఎప్పుడు ప్రమాణం?

క్వాంటం సిద్ధాంతానికీ వేదాంతానికీ పోలిక చెప్పేవారు ఉపమానం కూడా ప్రమాణమే కదా అని వాదించవచ్చు. న్యాయదర్శనం ఉపమానాన్ని నాలుగు ప్రమాణాలలో ఒకటిగా అంగీకరించింది. కాని దాని పరిధిని ఎంత జాగ్రత్తగా నిర్ణయించిందో గమనించాలి. గవయమృగం ఆవును పోలి ఉంటుందని అడవి మనిషి నగరవాసికి చెబుతాడు. నగరవాసి అడవికి వెళ్లి, అటువంటి మృగాన్ని కళ్లారా చూసి, విన్నమాటను స్మరించి, గవయమంటే ఇదే అని తెలుసుకుంటాడు. ఇక్కడ పోలిక జ్ఞానానికి దారి చూపింది. అయితే అడవికి వెళ్లడం, మృగాన్ని చూడడం తప్పలేదు. ఆ జ్ఞానం వల్ల తెలిసింది కూడా ఒక పేరుకూ ఒక వస్తువుకూ గల సంబంధమే. గవయం ఆవులా పాలిస్తుందని గాని, పూజార్హమని గాని ఆ పోలిక నిరూపించలేదు.

ఈ గీటురాయిపై నిలిపి చూస్తే క్వాంటం–వేదాంత పోలికలలో చాలా భాగం ఉపమాలంకారాలే గాని ఉపమాన ప్రమాణాలు కావు. అవి మనలను ఏ అడవికీ పంపవు, ఏ మృగాన్నీ చూపవు. ఈ విషయంలో ష్రోడింగర్ నడక ఆదర్శప్రాయం. ఆయన ఉపనిషత్తులను ప్రేమించినవాడు. తన గ్రంథం చివర ఆత్మబ్రహ్మైక్య భావనను ఆదరంతో స్మరించాడు కూడా. అయినా శరీరంలో జరిగే క్రియలలో క్వాంటం అనిశ్చితికి చెప్పుకోదగిన పాత్ర లేదనే ఆయన అక్కడ భావించాడు. తనకు ప్రియమైన తాత్త్విక విశ్వాసానికి తానే సృష్టించిన శాస్త్రం నుండి సాక్ష్యం తెచ్చుకోలేదు. విశ్వాసాన్ని విశ్వాసంగానే చెప్పాడు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ పాస్కువల్ జోర్డాన్. క్వాంటం యాంత్రికశాస్త్ర నిర్మాతలలో ఒకడైన ఈయన, 1932లో నీల్స్ బోర్ కాంతి, జీవం అనే విషయంపై చేసిన ఉపన్యాసంతో ప్రభావితుడై జీవశాస్త్రం వైపు మళ్లాడు. కణాన్ని కొద్దిపాటి నిర్దేశక అణువులు శాసిస్తాయనీ, వాటిలోని క్వాంటం అనిశ్చితి పెంపొంది జీవి ప్రవర్తనగా వ్యక్తమవుతుందనీ ఊహించాడు. 1933లో నాజీ పార్టీలో చేరాడు. కణంలోని ఈ శాసన వ్యవస్థకూ ఆనాటి నాయకత్వ సిద్ధాంతానికీ ఆయన రచనలలో సామ్యం కనిపిస్తుందని శాస్త్రచరిత్రకారులు చూపారు. ఒకే సిద్ధాంతం నుండి ఒకరు సర్వజీవ సమానత్వాన్నీ, మరొకరు నియంతృత్వాన్నీ పిండగలిగినప్పుడు, ఆ రెండూ సిద్ధాంతంలో లేవనే గ్రహించాలి. పిండేవారు తెచ్చిపోసుకున్నవే బయటికి వచ్చాయి.

పాచిక, నిర్ణయం

ఇక స్వేచ్ఛను గురించిన వాదం. అనిశ్చితి నిజంగానే నాడీకణం వరకు పెరిగి వస్తుందని వాదం కోసం ఒప్పుకుందాం. అప్పుడైనా స్వేచ్ఛ సిద్ధించదు. కారణం లేకుండా నాలో జరిగినది నేను చేసినది కాదు. నా చేయి ఒక పరమాణువు ఆకస్మికత వల్ల లేచిందంటే, ఆ పనికి నన్ను మెచ్చుకోవడానికీ నిందించడానికీ కూడా ఆధారం పోతుంది. బాధ్యతకు కావలసినది కారణరాహిత్యం కాదు. మంచిచెడులను తూచి, తూకాన్ని బట్టి నడవగల శక్తి బాధ్యతకు ఆధారం.

మహాభారతంలోని ద్యూతఘట్టం ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది. సభలో ద్రౌపది లేవనెత్తిన ప్రశ్న పాచికలు ఎలా పడ్డాయన్నది కాదు. తన్ను తాను ఓడిన ధర్మరాజుకు ఆమెను ఒడ్డే హక్కు ఉన్నదా అన్నది. పాచికలలో శకుని కపటం లేకపోయినా, అవి పూర్తిగా యాదృచ్ఛికంగా పడి ఉన్నా ఆ ప్రశ్న అలాగే నిలుస్తుంది. ఆడడానికి ఒప్పుకొన్నది, ఒడ్డినది, చూస్తూ ఊరకున్నది ఎవరో ఆ సభకు తెలుసు. పాచిక యాదృచ్ఛికత ఎవరినీ విముక్తం చేయలేదు, ఎవరికీ స్వేచ్ఛనూ ఇవ్వలేదు. పాచికను కణం లోపలికి తీసుకువెళ్లినంత మాత్రాన ఈ తర్కం మారదు.

ఔషధం ముందు, యంత్రాంగం తరువాత

సూక్ష్మ యంత్రాంగం తెలిసిన తరువాతే కర్తవ్యం నిర్ణయమవుతుందనుకోవడం కూడా పొరపాటే. ఇందుకు గోదావరి డెల్టాకు చెందిన శాస్త్రజ్ఞుని కృషే సాక్ష్యం. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు రాజమండ్రిలో చదివి, మద్రాసులో వైద్యవిద్య ముగించి, అమెరికా వెళ్లాడు. అక్కడ లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లమూ, దాని పనికి అడ్డుపడే అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వంటి పదార్థాలూ రూపొందాయి. 1948లో సిడ్నీ ఫార్బర్ అమైనోప్టెరిన్‌ను ల్యుకేమియాతో బాధపడుతున్న 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో తాత్కాలికమైన మెరుగుదల చూశాడు. క్యాన్సర్ రసాయన చికిత్స చరిత్రలో అదొక ఆరంభం. సుబ్బారావు ఆ ఏడే మరణించాడు.

ఈ మందులు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమును పట్టి ఆపుతాయని తరువాతి దశాబ్దంలో తెలిసింది. ఆ ఎంజైములో జరిగే హైడ్రోజన్ బదిలీలో టన్నెలింగ్‌కు భాగముందని ఇంకా చాలాకాలం తరువాత తేలింది. క్వాంటం జీవశాస్త్రంలో అతి విస్తారంగా పరిశోధించబడిన ఎంజైములలో నేడు అదొకటి. కాని ఆ పిల్లలకు మందు అవసరమన్న నైతిక నిర్ణయం టన్నెలింగ్ కోసం వేచి ఉండలేదు. టన్నెలింగ్ తెలిసిన తరువాత ఆ నిర్ణయం మరింత గొప్పదీ కాలేదు. బాధ కనిపించింది, తొలగించే మార్గం ఉన్నది, తొలగించవలసి వచ్చింది.

తాబేలు, తీరం, బాధ్యత

ఇప్పుడు తాబేలు ప్రశ్నకు రావచ్చు. గుడ్డు నుండి వెలువడిన లాగర్‌హెడ్ జాతి తాబేలు పిల్లలు చీకటిలో కూడా అయస్కాంత క్షేత్రాన్ని బట్టి దిక్కు తెలుసుకుంటాయని 1990వ దశకంలో కెనెత్ లోమన్ ప్రయోగాలు చూపాయి. క్రిప్టోక్రోమ్ పరికల్పనకు సాధారణంగా కాంతి అవసరం కనుక ఇది దానికి చిక్కు ప్రశ్నే. 2025లో ఉత్తర కరొలినా విశ్వవిద్యాలయ బృందం ఇదే జాతిపై చేసిన పరిశోధన మరొక విశేషాన్ని బయటపెట్టింది. రేడియో పౌనఃపున్య తరంగాలు తాబేలు దిక్సూచి జ్ఞానాన్ని చెదరగొట్టాయి. తానున్న చోటును గుర్తించే జ్ఞానాన్ని మాత్రం చెదరగొట్టలేదు. అంటే తాబేలులో రెండు వేర్వేరు యంత్రాంగాలు ఉండవచ్చు. వాటిలో దిక్సూచి రసాయన స్వభావం కలది కావచ్చు. ఈ ప్రయోగాలు ఆలివ్ రిడ్లేపై జరిగినవి కావు. కనుక వాటిని ఉప్పాడ తీరానికి అన్వయించేటప్పుడు సంభావ్యత అన్న మాటను వదలకూడదు.

జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో రాబిన్ పక్షులపై జరిగి 2014లో ప్రకటితమైన పరిశోధన కూడా ఈ దిశలోనే ఉన్నది. నగరంలోని విద్యుత్పరికరాల నుండి వెలువడే అతి బలహీనమైన విద్యుదయస్కాంత సందడిలో ఆ పక్షులు దిక్కు తెలుసుకోలేకపోయాయి. అల్యూమినియం కవచంతో ఆ సందడిని ఆపినప్పుడు తిరిగి తెలుసుకోగలిగాయి. మనిషి ఇంద్రియాలకు అందని, హాని చేస్తుందని ఊహించడానికైనా వీలులేని దానివల్ల మరొక జీవి దారి తప్పవచ్చునని ఇది చూపింది. క్వాంటం జీవశాస్త్రం మనకిచ్చే నిజమైన నైతిక పాఠం ఇదే. జీవి ఇంతకుముందు కంటే గొప్పదైపోలేదు. మన చేయి ఎంతదూరం తగులుతున్నదో మాత్రం తెలిసింది. హాని చేయకూడదన్న ధర్మం పాతదే. హాని అంటే ఏమిటన్న అవగాహన పెరిగింది.

అయితే ఈ ఎరుకను కూడా దుర్వినియోగం చేయవచ్చు. సంభావ్యమైన సూక్ష్మహానిని గురించి మాట్లాడుతూ నిశ్చితమైన స్థూలహానిని మరుగుపరచడం ఒక మార్గం. సముద్ర తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించే జీవి. ట్రాలరు వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. ఒడ్డున ప్రకాశవంతమైన దీపాలుంటే పిల్లలు సముద్రం వైపు కాక వెలుతురు వైపు నడుస్తాయి. ఈ రెండింటినీ తెలుసుకోవడానికి ఏ క్వాంటం సిద్ధాంతమూ అక్కరలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలుకు అత్యున్నత రక్షణ కల్పించింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేటకు నిషేధం ఉన్నది. కాని గుడ్లు పెట్టే కాలంలో ఎక్కువభాగం ఆ నిషేధానికి ముందే గడిచిపోతుంది. తాబేలు తప్పించుకునే ద్వారం ఉన్న వలలను వాడడం నేడే చేయదగిన పని.

బరువంతా ఒకే వర్గంపై మోపడం రెండవ దుర్వినియోగం. ఉప్పాడ అలల కోతకు ఇళ్లనూ రోడ్డునూ పోగొట్టుకుంటున్న ఊరు. తాబేలు గూటికి కావలసిన ఇసుకా, మత్స్యకారుని ఇంటికి కావలసిన నేలా ఒకే కోతకు గురవుతున్నాయి. తన ఇల్లు నిలుపుకోవడానికి పెనుగులాడుతున్నవాడికి సర్వజీవుల క్వాంటం ఏకత్వాన్ని బోధించడం సులభం. వల మార్పుకయ్యే ఖర్చును, వేట తగ్గితే కలిగే నష్టాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్నను ఎదుర్కోవడం కష్టం. సులభమైన బోధ కష్టమైన ప్రశ్నను తప్పించుకోవడానికి సాధనమైతే, ఆ బోధ ఎంత ఉదాత్తంగా వినిపించినా అధర్మమే. ఆ చేపలు తినేవారూ, వాటి ఎగుమతులతో లాభపడేవారూ ఈ ఖర్చులో పాలుపంచుకోవడం న్యాయం.

ముగింపు

సర్వజీవులలో ఐక్యాన్ని దర్శించే తాత్త్విక సంప్రదాయాలను ఈ వ్యాసం తిరస్కరించడం లేదు. తాబేలులో కూర్మావతారాన్ని చూసి, వలలో చిక్కినదాన్ని తిరిగి నీటిలో వదిలే మత్స్యకారుని భక్తికి దాని విలువ దానికున్నది. దానికి ప్రయోగశాల ధ్రువపత్రం అవసరం లేదు. అవసరమని చెప్పడమే దానికి అపచారం. రేపు తాబేలు దిక్సూచిలో క్వాంటం క్రియ లేదని తేలితే, ఆ ధ్రువపత్రంపై ఆధారపడిన కరుణ ఏమవుతుంది? శాస్త్రఫలితంపై నిలిపిన ధర్మం శాస్త్రఫలితంతోనే కూలుతుంది. కిరణజన్య సంయోగక్రియ విషయంలో 2007 నుండి 2020 వరకు జరిగినదాన్ని చూసినవారికి ఈ భయం ఊహామాత్రం కాదని తెలుసు.

కాబట్టి జీవకణంలో క్వాంటం ప్రభావాలను గురించి తెలుగులో రాసేవారు మూడు నియమాలు పాటించడం మేలు. రుజువైనదాన్నీ, పరికల్పననూ, వట్టి ఊహనూ వేర్వేరు వాక్యాలలో చెప్పాలి. శాస్త్రార్థమూ సంప్రదాయార్థమూ ఉన్న పదాలను ఏ అర్థంలో వాడుతున్నారో తెలపాలి. పోలిక చెప్పినప్పుడు అది ఏ అడవిలో ఏ మృగాన్ని చూపుతుందో కూడా చెప్పాలి. చూపలేనప్పుడు దాన్ని అలంకారమని ఒప్పుకోవాలి. తాబేలు దిక్కు తెలుసుకునే రహస్యాన్ని శాస్త్రజ్ఞులు తమ వేగంతో విప్పుతారు. ఈలోగా అది చనిపోవడానికి గల కారణాలు రహస్యాలు కావు. తెలిసినదాని విషయంలో చేయవలసినది చేయకుండా తెలియనిదానిని స్తుతించడం జిజ్ఞాసగా చెల్లదు.